ఎఫ్ఓ ఎక్వేరి: నా దృశ్యకాంతి కొలతలు ఎక్స్-కిరణాల కొలతలతో ఎందుకు కలవడం లేదు?

చుక్కలలెక్క రాసినది:

అందరికీ నమస్కారం. గత పది రోజుల్లో నాలుగు రాత్రులు 25 సెంటీమీటర్ల టెలిస్కోప్‌తో కుంభరాశిలోని ఎఫ్ఓ ఎక్వేరిని వదలకుండా గమనించాను. ఒక్కో రాత్రి దాదాపు ఐదు గంటలు, ఒక్కో ఫ్రేము 30 సెకన్లు, ఫిల్టర్ లేకుండా. రెండు వేలకు పైగా ఫ్రేములు పోగయ్యాయి. తార వెలుగు 13.6 మాగ్నిట్యూడ్ దగ్గర ఉంది (ఈ అంకె పెరిగేకొద్దీ వెలుగు తక్కువ).

తెలియనివారి కోసం రెండు మాటలు. ఇది జంట తార. ఒకటి శ్వేత కుబ్జం, రెండోది ఒక చిన్న ఎర్రటి తార. 4.85 గంటలకు ఒక కక్ష్య పూర్తవుతుంది. ఎర్రటి తార నుంచి వాయువు శ్వేత కుబ్జం వైపు ప్రవహించి, దాని చుట్టూ పళ్లెంలా పరచుకుంటుంది. శ్వేత కుబ్జపు అయస్కాంత క్షేత్రం ఆ పళ్లెం లోపలి అంచును చీల్చి, వాయువును ధ్రువాల మీదికి మళ్లిస్తుంది. శ్వేత కుబ్జం 20.9 నిమిషాలకు ఒకసారి తన చుట్టూ తాను తిరుగుతుంది కాబట్టి వెలుగు కూడా అదే లయలో పెరిగి తగ్గుతుంది.

ఆ లయ నా కొలతల్లో చాలా స్పష్టంగా కనబడింది. మొదటి రాత్రే తెర మీద అలలు లేచినప్పుడు నాకు కలిగిన ఆనందం చెప్పలేను. చిక్కు ఆ తర్వాత వచ్చింది. ఈ తారను క్రమం తప్పకుండా గమనించే పరిశీలకుల ఇటీవలి ఎఫెమెరిస్ (గరిష్ఠ వెలుగు ఏ క్షణంలో రావాలో చెప్పే లెక్క) తీసుకుని, నాలుగు రాత్రుల కొలతలనూ ఒకే భ్రమణ చక్రం మీద మడిచి, అంటే చక్రాలన్నిటినీ ఒకదాని మీద ఒకటి పేర్చి చూశాను. చక్రం మొదలు దశ 0, చివర దశ 1 అనుకుంటే గరిష్ఠ వెలుగు 0 దగ్గర రావాలి. నాకు 0.53, 0.54 మధ్య వచ్చింది. అంటే దాదాపు సగం చక్రం తేడా. ఎక్స్‌ఎంఎం-న్యూటన్ ఉపగ్రహం చాలా ఏళ్ల క్రితం తీసిన ఎక్స్-కిరణాల కొలతలను కూడా దించుకుని అదే ఎఫెమెరిస్‌తో మడిచాను. అవి నా వాటితోనూ కలవలేదు, సున్నాతోనూ కలవలేదు.

ఎక్స్-కిరణాలు, దృశ్యకాంతి వేర్వేరు చోట్ల పుడతాయి కాబట్టి ఈ తేడా సహజమేనా? లేక నా పనిలోనే తప్పుందా?

వేగుచుక్క రాసినది:

నేను ఈ విషయానికి కొత్త. ప్రశ్న చాలా ప్రాథమికమైతే మన్నించండి. శ్వేత కుబ్జం అంటే ఇంధనం అయిపోయి చల్లారుతున్న తార అని చదివాను. చల్లారుతున్న తార నుంచి ఎక్స్-కిరణాలు ఎలా వస్తాయి?

ఎక్స్‌కిరణం రాసినది:

వేగుచుక్క గారూ, అసలు విషయం మీ ప్రశ్నలోనే ఉంది. ఎక్స్-కిరణాలు ఆ తార సొంత వేడి నుంచి రావు. దాని మీద పడే వాయువు నుంచి వస్తాయి.

శ్వేత కుబ్జం పరిమాణంలో భూమి అంత, బరువులో ఇంచుమించు సూర్యుడంత. 0.8 సౌర ద్రవ్యరాశి ఉన్న శ్వేత కుబ్జాన్ని తీసుకుంటే దాని వ్యాసార్ధం దాదాపు 7,000 కిలోమీటర్లు. చాలా దూరం నుంచి దాని మీద పడే వాయువు ఉపరితలాన్ని చేరేసరికి సెకనుకు 5,000 కిలోమీటర్లు దాటిన వేగంతో ఉంటుంది. అయస్కాంత బలరేఖలు ఆ వాయువును పక్కలకు చెదరనివ్వవు, ధ్రువం దగ్గర ఒక సన్నని స్తంభంలో కుదించి దించుతాయి. ఉపరితలానికి కొద్దిగా పైన ఆ ప్రవాహం ఒక్కసారిగా అడ్డుపడి ఆగుతుంది. అక్కడ ఆఘాత తరంగం నిలబడుతుంది. వేగమంతా వేడిగా మారుతుంది. లెక్క వేస్తే 35 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర తేలుతుంది, అంటే దాదాపు 40 కోట్ల డిగ్రీలు. అంత వేడి వాయువు ఎక్స్-కిరణాలే వెదజల్లుతుంది.

ఇందులో నన్ను ఎప్పటికీ వదలని అందం ఒకటుంది. ఆ వేడి దేని మీద ఆధారపడుతుంది? శ్వేత కుబ్జపు బరువుకూ వ్యాసార్ధానికీ ఉన్న నిష్పత్తి మీద. కాబట్టి ఎక్స్-కిరణాల వర్ణపటం ఎంత శక్తి దాకా సాగుతుందో చూసి తారను తూకం వేయవచ్చు. 2012లో ప్రయోగించిన నూస్టార్ ఉపగ్రహం 79 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల దాకా చూడగలదు కనుక ఈ పనికి బాగా ఉపయోగపడుతోంది. ఒక జాగ్రత్త అవసరం. ఎఫ్ఓ ఎక్వేరి లాంటి వాటిలో వాయువు అనంత దూరం నుంచి పడదు, పళ్లెం తెగిన చోటు నుంచి మాత్రమే పడుతుంది. ఆ మేరకు వేగం తగ్గుతుంది. దాన్ని లెక్కలోకి తీసుకోకపోతే తార ఉన్నదానికంటే తేలికగా కనబడుతుంది.

వర్ణపటంలో ఇనుము గీతలు మూడు పక్కపక్కనే కనబడతాయి. 6.7, 6.97 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల గీతలు వేడి స్తంభంలో ఎలక్ట్రాన్లు దాదాపు అన్నీ కోల్పోయిన ఇనుము నుంచి వస్తాయి. 6.4 గీత మాత్రం చల్లటి ఇనుముది. పై నుంచి కురిసిన ఎక్స్-కిరణాలు శ్వేత కుబ్జపు ఉపరితలాన్నీ చుట్టుపక్కల వాయువునూ తాకినప్పుడు పుట్టేది.

చుక్కలలెక్క గారి ప్రశ్నకు వస్తే, అవును, రెండు కాంతులు పుట్టే చోట్లు వేరు. ఎక్స్-కిరణాలు స్తంభం అడుగు నుంచి వస్తాయి. దృశ్యకాంతిలో ఎక్కువ భాగం పళ్లెం నుంచీ, ధ్రువాల మీదికి తెరలా వంగి దిగే వాయువు నుంచీ వస్తుంది. కానీ రెండూ ఒకే గడియారానికి కట్టుబడినవి. ఆ వాయుతెర మనకూ ధ్రువానికీ మధ్య వచ్చినప్పుడు ఎక్స్-కిరణాలను మింగేస్తుంది. తక్కువ శక్తి కిరణాలను ఎక్కువగా, ఎక్కువ శక్తివి కొద్దిగా. అందువల్ల రెండు గ్రాఫుల మధ్య కొంత తేడా ఉండవచ్చు, ఆకారాలు వేరుగా ఉండవచ్చు. కానీ మీ గరిష్ఠం దృశ్యకాంతి ఎఫెమెరిస్‌తోనే కలవడం లేదంటున్నారు. దానికి భౌతిక కారణం వెతకకముందు కాలం లెక్క చూడాలి.

గడియారపుముల్లు రాసినది:

ఎక్స్‌కిరణం గారి చివరి వాక్యమే నా మాట కూడా. చుక్కలలెక్క గారూ, నాలుగు విషయాలు చెప్పండి. కంప్యూటర్ గడియారాన్ని దేనితో సరిచేశారు? ఫైలులో నమోదైన సమయం ఎక్స్‌పోజర్ మొదలైనదా, మధ్యదా? ఆ సమయాన్ని భారకేంద్ర సమయంలోకి, అంటే అదే కాంతి సౌరకుటుంబ భారకేంద్రాన్ని చేరే సమయంలోకి మార్చారా? ఎఫెమెరిస్ ఏ కాలమానంలో ఇచ్చారు?

చుక్కలలెక్క రాసినది:

గడియారాన్ని ప్రతి రాత్రీ ఇంటర్నెట్ కాల సర్వర్‌తో సరిచేశాను, సెకనులో చిన్న వంతు తేడా మాత్రమే ఉంది. ఫైలులో ఉన్నది ఎక్స్‌పోజర్ మొదలైన సమయం. దాన్ని అలాగే జూలియన్ దినంగా మార్చి వాడాను. భారకేంద్ర సవరణ చేయలేదు. తార ఎంతో దూరంలో ఉంది, మన కక్ష్య పరిమాణం దాని ముందు ఎంత అనుకున్నాను. ఎఫెమెరిస్ భారకేంద్ర గతిక కాలంలో ఉంది.

గడియారపుముల్లు రాసినది:

చిక్కు దొరికింది. తార దూరంతో దీనికి సంబంధం లేదు. భూమి తారకు దగ్గరగా ఉన్న రోజున కాంతి మనకు ముందుగా చేరుతుంది. ఆరు నెలల తర్వాత ఆలస్యంగా చేరుతుంది. సూర్యుడి నుంచి భూమికి కాంతి రావడానికి 499 సెకన్లు పడుతుంది కదా, తార భూకక్ష్యాతలంలోనే ఉంటే ఈ తేడా అటు 499, ఇటు 499 సెకన్లు. ఎఫ్ఓ ఎక్వేరి ఆ తలానికి రెండు డిగ్రీల దూరంలోనే ఉంది, కాబట్టి దాదాపు మొత్తం తేడా దీనికి పడుతుంది. పైగా ఈ రోజుల్లో అది ఆకాశంలో సూర్యుడికి ఎదుటి దిక్కున ఉంది. అంటే కాంతి మీకు అత్యంత ముందుగా అందుతున్న సమయంలోనే మీరు కొలతలు తీసుకున్నారు.

ఇప్పుడు లెక్క చూడండి. భ్రమణ కాలం 1,254 సెకన్లు. 499 సెకన్లు అంటే 0.40 చక్రం. ఎఫెమెరిస్ వాడిన గతిక కాలం, మన గడియారాల సమన్వయ కాలం కంటే 69.18 సెకన్లు ముందుంటుంది. లీపు సెకన్లతో సహా పేరుకున్న 37 సెకన్లు, వాటికి తోడు 32.184 సెకన్ల స్థిర వ్యత్యాసం. అది 0.055 చక్రం. 30 సెకన్ల ఎక్స్‌పోజర్‌లో సగం 15 సెకన్లు, అది 0.012. మూడూ ఒకే దిక్కున పడ్డాయి. మొత్తం 0.465. మీ గరిష్ఠం సున్నా కంటే 0.465 ముందు వస్తే ఎక్కడ కనబడుతుంది? 0.535 దగ్గర. మీరు చెప్పినది 0.53, 0.54 మధ్య.

మీ కొలతలు చాలా శుభ్రంగా ఉన్నాయి. తప్పంతా కాలసూచిలోనే ఉంది. సూర్యకేంద్రానికి కాకుండా సౌరకుటుంబ భారకేంద్రానికి సవరించండి. రెండింటికీ తేడా నాలుగైదు సెకన్ల లోపే అయినా, ఎక్స్-కిరణాల ఉపగ్రహాల కొలతలను భారకేంద్రానికే సవరిస్తారు, పోల్చేటప్పుడు అదే కావాలి.

సప్తర్షి రాసినది:

గడియారపుముల్లు గారు మొదటి ముడి విప్పారు. రెండో ముడి, అంటే పాత ఎక్స్-కిరణాల కొలతలు సున్నాతో కలవకపోవడం, వేరే సంగతి. అది కాలసూచి తప్పు కాదు, తార స్వభావం.

ఎఫ్ఓ ఎక్వేరి భ్రమణం స్థిరంగా ఉండదు. మీద పడే వాయువు, అయస్కాంత క్షేత్రం కలిసి దాన్ని ఒకసారి తోస్తాయి, ఒకసారి పట్టి ఆపుతాయి. 1980లలో మొదట కొంతకాలం నెమ్మదించింది, తర్వాత చాలా ఏళ్లు వేగం పెంచుకుంది, 2014 ప్రాంతం నుంచి మళ్లీ నెమ్మదిస్తోంది. ఏడాదికి ఇది 25,000 సార్లకు పైగా తిరుగుతుంది. కాలంలో సెకనులో వెయ్యో వంతు తేడా వచ్చినా ఏడాది తిరిగేసరికి 25 సెకన్లు జారుతుంది, ఇరవై ఏళ్లకు 500 సెకన్లు. ఇవాళ్టి ఎఫెమెరిస్‌ను వెనక్కి పొడిగించి పాత కొలతలను మడవడం కుదరదు. ఆ కొలతలు తీసిన నాటికి చెల్లే ఎఫెమెరిస్ వెతకాలి.

దానికంటే మంచి దారి కూడా ఉంది. ఎక్స్‌ఎంఎం-న్యూటన్‌లో ఎక్స్-కిరణాల దర్పణాల పక్కనే 30 సెంటీమీటర్ల చిన్న టెలిస్కోప్ ఒకటి ఉంటుంది, దృశ్య, అతినీలలోహిత కాంతులకు. చాలా పరిశీలనల్లో అది అదే తారను అదే క్షణంలో చూసి ఉంటుంది. మీరు దించుకున్న ఫైళ్లలో ఆ కొలతలు ఉన్నాయేమో చూడండి. ఉంటే రెండు కాంతుల దశను ఏ ఎఫెమెరిస్ సాయమూ లేకుండా నేరుగా పోల్చవచ్చు.

ఈ తార మీద నాకు ప్రత్యేకమైన అభిమానం ఉంది. 2016లో ఇది ఉన్నట్టుండి మసకబారింది. 13.5 దగ్గర ఉండేది 16వ మాగ్నిట్యూడ్ దగ్గరికి పడిపోయింది. అంతకుముందు 1960లు, 70ల నాటి పాత ఫోటోగ్రాఫిక్ పలకల మీద మాత్రమే అలాంటి సందర్భాలు నమోదై ఉన్నాయి. ఎర్రటి తార నుంచి వచ్చే వాయువు తగ్గిపోయింది. అప్పుడు 20.9 నిమిషాల లయ వెనక్కి తగ్గి, 11.26 నిమిషాల లయ ముందుకు వచ్చింది. ఎక్స్-కిరణాలు కూడా మొత్తంగా తగ్గాయి, వాటిలో తక్కువ శక్తి కిరణాల పాలు పెరిగింది. సొంత టెలిస్కోపులున్న పరిశీలకులు నెలల తరబడి రాత్రులు పంచుకుని గమనించకపోతే ఆ మార్పు ఎప్పుడు మొదలై ఎలా కోలుకుందో ఇంత వివరంగా మనకు తెలిసేది కాదు. ఉపగ్రహం ఒక రోజు చూసి వెళ్లిపోతుంది. అంతకుముందు, ఆ తర్వాత ఏం జరిగిందో చెప్పేది భూమి మీది కళ్లే.

వేగుచుక్క రాసినది:

సప్తర్షి గారూ, 11.26 నిమిషాలు ఎక్కడి నుంచి వచ్చింది? ఇంకొకటి, ఇలాంటి అయస్కాంత జంటల్లో కొన్నిటిని పోలార్లు అంటారు, కొన్నిటిని ఇంటర్మీడియట్ పోలార్లు అంటారు. తేడా క్షేత్ర బలంలోనేనా?

సప్తర్షి రాసినది:

మొదటిది. 20.9 నిమిషాల భ్రమణం, 4.85 గంటల కక్ష్య కలిస్తే 22.5 నిమిషాల మూడో లయ పుడుతుంది. తిరుగుతున్న ధ్రువం ఒకసారి ఎర్రటి తార వైపు తిరిగాక మళ్లీ దాని వైపు తిరగడానికి పట్టే కాలం అది. ఈలోగా ఎర్రటి తార కక్ష్యలో కాస్త ముందుకు జరుగుతుంది కనుక 20.9 సరిపోదు. వాయువు పళ్లెంలో కలవకుండా నేరుగా ధ్రువాల మీదికి దూకితే ఈ లయ బలపడుతుంది. ధ్రువాలు రెండు, కాబట్టి అందులో సగం, 11.26. అది ముందుకు వచ్చిందంటే పళ్లెం చిక్కిపోయి వాయుప్రవాహం నేరుగా అయస్కాంత క్షేత్రాన్ని తాకుతోందని ఊహించారు.

రెండోది. బలం ముఖ్యమే కానీ అదొక్కటే కాదు, రెండు తారల మధ్య దూరం కూడా లెక్కలోకి వస్తుంది. పోలార్లలో క్షేత్రం సాధారణంగా కోటి గాస్‌లు, ఆపైన ఉంటుంది. భూమి క్షేత్రం అర గాస్ మాత్రమే. ఏఆర్ అర్సా మెజోరిస్‌లో 23 కోట్ల గాస్‌లు. అంత బలమైన క్షేత్రం ముందు పళ్లెం ఏర్పడనే ఏర్పడదు. రెండు తారలూ ఒకదానికొకటి బిగిసిపోయి, భ్రమణ కాలం, కక్ష్యా కాలం ఒకటే అవుతాయి. చంద్రుడు మనకు ఒకే ముఖం చూపినట్టు శ్వేత కుబ్జం తన జంటకు ఒకే ముఖం చూపుతుంది. ఎఫ్ఓ ఎక్వేరి లాంటి ఇంటర్మీడియట్ పోలార్లలో ఆ బిగింపు లేదు.

ఏఎం హెర్క్యులిస్ చరిత్ర ఒకసారి తలచుకోవాలి. 1923లో మాక్స్ వోల్ఫ్ దాన్ని మామూలు మారుతార అనుకుని నమోదు చేశారు. యాభై ఏళ్లు ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. తర్వాత ఉహురు ఉపగ్రహం చూసిన ఒక ఎక్స్-కిరణాల మూలం ఇదేనని తేలింది. 1976లో సాంటియాగో టాపియా దీని కాంతిలో 10 శాతం దాకా వృత్తాకార ధ్రువణం (కాంతి తరంగపు కంపన దిశ గుండ్రంగా తిరగడం) కొలిచారు. బలమైన అయస్కాంత క్షేత్రంలో ఎలక్ట్రాన్లు గిరగిర తిరిగితే తప్ప అంతటి ధ్రువణం రాదు. పోలార్ అన్న పేరు ఆ ధ్రువణం నుంచే వచ్చింది. ఎక్స్-కిరణాలు వేలు పెట్టి చూపిస్తే, దృశ్యకాంతి కారణం చెప్పింది. ఏ ఒక్కటీ సరిపోయేది కాదు.

నీలికాంతి రాసినది:

చర్చ బాగుంది. ఒక అభ్యంతరం చెప్పాలి. ఫిల్టర్ లేకుండా తీసిన కొలతలను ఎక్స్-కిరణాలతో పోల్చడం నాకు నచ్చదు. ఆ కాంతిలో పళ్లెం, వాయుతెర, ఎర్రటి తార అన్నీ కలగాపులగంగా ఉంటాయి. కనీసం నీలి ఫిల్టర్ వాడితే ఎర్రటి తార వాటా తగ్గుతుంది, వేడి ప్రాంతాల వాటా పెరుగుతుంది. రెండు ఫిల్టర్లు మార్చి మార్చి వాడితే ఇంకా మేలు. ఫిల్టర్ లేని మాగ్నిట్యూడ్‌ను మరొకరి కొలతతో కలపడం కూడా కష్టం. ఒక్కో కెమెరా చిప్ స్పందన ఒక్కో తీరు.

ఎక్స్‌కిరణం రాసినది:

నీలికాంతి గారి మాటలో న్యాయం ఉంది, కానీ ఏ ప్రశ్నకు జవాబు వెతుకుతున్నామన్నదాన్ని బట్టి ఎంచుకోవాలి. లయ, దశ కావాలంటే ఎక్కువ కాంతి, తక్కువ ఎక్స్‌పోజర్ కావాలి. 25 సెంటీమీటర్ల టెలిస్కోప్‌కు ఫిల్టర్ తీసేయడం సరైన నిర్ణయమే. ఎంత వాయువు పడుతోంది, రంగు ఎలా మారుతోంది అన్నది ప్రశ్న అయితే ఫిల్టర్ తప్పనిసరి.

ఎక్స్‌పోజర్ మాట వచ్చింది కాబట్టి మరో సంగతి. ఎఫ్ఓ ఎక్వేరికి 30 సెకన్లు ఏ హానీ చేయవు. అదే 30 సెకన్లతో డీక్యూ హెర్క్యులిస్‌ను చూస్తే దాని 71 సెకన్ల లయ ఎత్తులో పావు వంతుకు పైగా పోతుంది. 60 సెకన్లతో చూస్తే ఐదో వంతు కూడా మిగలదు. 1934లో నోవాగా వెలిగిన ఆ తారలో 71 సెకన్ల లయను మెర్ల్ వాకర్ 1954లో పట్టుకున్నారు. వేగంగా లెక్కపెట్టే ఫోటోమీటర్ చేతిలో ఉండబట్టే పట్టుకోగలిగారు. ఫోటోగ్రాఫిక్ పలకల మీద అది ఎన్నటికీ కనబడేది కాదు.

గ్రహణాల్లో వేగం ఇంకా అవసరం. హెచ్‌యూ ఎక్వేరి అనే పోలార్‌లో ఎర్రటి తార ప్రతి 2.08 గంటలకు ఒకసారి శ్వేత కుబ్జాన్ని పూర్తిగా కప్పేస్తుంది. తార మొత్తం మరుగు కావడానికి దాదాపు అర నిమిషం పడుతుంది. ధ్రువం దగ్గరి వేడి మచ్చ మాత్రం ఒకటి రెండు సెకన్లలో ఆరిపోతుంది. ఆ ఒకటి రెండు సెకన్లే మచ్చ ఎంత చిన్నదో చెబుతాయి. ఎంతో దూరంలోని, మన భూమంత తార మీద ఒక మచ్చ వెడల్పును, ఏ టెలిస్కోపూ దాన్ని విడిగా చూపలేనప్పుడు, గడియారంతో కొలుస్తున్నామన్నమాట. ఎక్స్-కిరణాలలో, దృశ్యకాంతిలో ఆ మచ్చ ఒకే క్షణంలో ఆరుతుందా, ముందువెనకలుగా ఆరుతుందా అన్నది చూస్తే రెండు కాంతులు పుట్టే చోట్లు ఎంత ఎడంగా ఉన్నాయో తెలుస్తుంది. ఇక్కడ ఒక సెకను కూడా విలువైనదే.

చుక్కలలెక్క రాసినది:

మూడు సవరణలూ చేశాను. గరిష్ఠం 0.00కు ఇటూ అటూ 0.01 లోపు వచ్చింది, నాలుగు రాత్రులూ ఒకదాని మీద ఒకటి కూర్చున్నాయి. గడియారపుముల్లు గారికి నా హృదయపూర్వక కృతజ్ఞతలు. సప్తర్షి గారు చెప్పినట్టు ఎక్స్‌ఎంఎం ఫైళ్లలో వెతికితే పక్క టెలిస్కోప్ కొలతలు నిజంగానే ఉన్నాయి. వాటి పని మొదలుపెట్టాను.

ఇప్పుడు కొత్త సందేహం. లోంబ్-స్కార్గిల్ పద్ధతిలో లయలు వెతికితే రోజుకు 68.88 చక్రాల దగ్గర భ్రమణ శిఖరం ఎత్తుగా ఉంది. దాన్ని తీసేశాక 63.9 దగ్గర చిన్న శిఖరం మిగిలింది. 22.5 నిమిషాల లయ ఇదేనా? పళ్లెంలో కలవకుండా దూకే వాయువును నేను చూసినట్టేనా?

గడియారపుముల్లు రాసినది:

తొందరపడకండి. 22.5 నిమిషాల లయ ఉండవలసిన చోటు 63.93. మీరు ప్రతి రాత్రీ ఒకే వేళకు చూస్తున్నారు కాబట్టి ప్రతి శిఖరానికీ రోజుకు ఒక చక్రం చొప్పున ఎడంలో ప్రతిబింబాలు ఏర్పడతాయి. 68.88 నుంచి ఐదు తీసేస్తే 63.88. రెండింటి మధ్య 0.05 తేడా మాత్రమే. దాన్ని విడదీయాలంటే ఇరవై రోజుల విస్తీర్ణం కావాలి, మీకు ఉన్నది పది రోజులు. భ్రమణ లయ ఆకారం శుద్ధమైన తరంగం కాకపోయినా, రాత్రి రాత్రికి ఎత్తు మారినా, తీసివేతలో కొంత మిగిలి ఆ ప్రతిబింబాలలోకి పారుతుంది.

దీని వెనుక ఉన్న కారణం ఇంకా ముఖ్యమైనది. ఈ తార కక్ష్య రోజుకు 4.95 సార్లు. దాదాపు సరిగ్గా ఐదు. అంటే రేపు ఇదే వేళకు చూసినా జంట దాదాపు ఇదే భంగిమలో ఉంటుంది. 0.05 చక్రం మాత్రమే వెనక్కి జరుగుతుంది. రాత్రికి ఐదు గంటలు పూర్తిగా దొరికినప్పుడు మీకు కక్ష్య అంతా కనబడుతుంది. మబ్బు పట్టి రెండు గంటలే దొరికితే, వారమంతా అదే ముక్క దగ్గర చిక్కుకుపోతారు. ఒకే రేఖాంశం నుంచి ఈ తారను పూర్తిగా తెలుసుకోలేం.

పడమటిగాలి రాసినది:

నేను చుక్కలలెక్క గారికి దాదాపు 90 డిగ్రీలు పడమరన ఉన్నాను. నాకు రాత్రి ఆరు గంటలు ఆలస్యంగా మొదలవుతుంది. ఆయన ఆపిన చోట నేను అందుకోగలను. 28 సెంటీమీటర్ల టెలిస్కోప్, 20 సెకన్ల ఎక్స్‌పోజర్. ఒకే పోలిక తారలు (వెలుగు మారని పక్క తారలు) వాడితే రెండు కొలతలూ కలపడం తేలిక. నీలికాంతి గారి అభ్యంతరాన్ని గౌరవిస్తూ, ప్రతి రాత్రీ మొదట, చివర పది ఫ్రేములు వి ఫిల్టర్‌తో (పచ్చ-పసుపు కాంతిని వదిలేది) తీస్తాను. ఫిల్టర్ లేని కొలతలను వాటికి కట్టవచ్చు.

నీలికాంతి రాసినది:

అది చాలు. నా దగ్గర నీలి, వి ఫిల్టర్లు రెండూ ఉన్నాయి. టెలిస్కోప్ పెద్దది కనుక 40 సెకన్ల ఎక్స్‌పోజర్‌లో మంచి సంకేతం వస్తుంది. వారానికి రెండు రాత్రులు మార్చి మార్చి తీస్తాను.

వేగుచుక్క రాసినది:

ఉపగ్రహం కొలతల్లోనూ ఇలాంటి ప్రతిబింబాల చిక్కు ఉంటుందా? అంతరిక్షంలో పగలూ రాత్రీ లేవు కదా.

ఎక్స్‌కిరణం రాసినది:

ఉంటుంది, ఇంకో రూపంలో. భూమికి దగ్గరగా తిరిగే స్విఫ్ట్, నూస్టార్, ఆస్ట్రోశాట్ వంటి ఉపగ్రహాలకు 95 నిమిషాలకు కాస్త అటూ ఇటూగా ఒక కక్ష్య. ప్రతి కక్ష్యలో కొంతసేపు భూమి అడ్డం వచ్చి తార కనబడదు. ఈఎక్స్ హైడ్రే అనే ప్రసిద్ధమైన ఇంటర్మీడియట్ పోలార్ కక్ష్యా కాలం 98.26 నిమిషాలు. రెండూ ఎంత దగ్గరగా ఉన్నాయో చూడండి. ఉపగ్రహం కళ్లు తెరిచినప్పుడల్లా ఆ జంట దాదాపు ఒకే భంగిమలో ఉంటుంది. చాలా కక్ష్యలు గడిస్తే తప్ప మిగతా భంగిమలు కనబడవు. చుక్కలలెక్క గారికి ఐదు చక్రాలు తెచ్చిన చిక్కే ఇది, వేరే గడియారం మీద. ఎక్స్‌ఎంఎం-న్యూటన్ కక్ష్య దాదాపు 48 గంటలు. దాన్ని అంత ఎత్తులో తిప్పడం వల్ల కలిగిన గొప్ప మేలు ఇదే, గంటల తరబడి రెప్ప వేయకుండా చూడగలదు.

ఇంకో తేడా కూడా తెలుసుకోండి. మీ కెమెరాలో ఒక్కో ఫ్రేముకు వేల ఫోటాన్లు పోగవుతాయి. ఎక్స్-కిరణాల కెమెరా ఒక్కో ఫోటాన్‌ను విడిగా నమోదు చేస్తుంది, వచ్చిన క్షణం, చోటు, శక్తితో సహా. సెకనుకు కొద్ది ఫోటాన్లే వస్తాయి. ఒక భ్రమణాన్ని చూస్తే గ్రాఫు ముళ్లకంపలా ఉంటుంది. పదులకొద్దీ చక్రాలు మడిచాకే ఆకారం తేలుతుంది. దానికి ప్రతిఫలంగా శక్తి చేతిలో ఉంటుంది. ఒకే ఫైలును 2 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల కింద, పైన అని రెండుగా విడదీసి మడిచి చూడండి. కింది భాగం లోతుగా పడిపోయి, పై భాగం కొద్దిగానే తగ్గితే అడ్డం వచ్చినది వాయుతెర. రెండూ సమానంగా తగ్గితే మచ్చే తార వెనక్కి వెళ్లిందన్నమాట. ఆ తేడా దృశ్యకాంతి ఎన్నడూ చెప్పజాలదు.

సప్తర్షి రాసినది:

కుదిరినప్పుడు ఏఆర్ స్కార్పీ మీద కూడా దృష్టి పెట్టండి. దశాబ్దాల పాటు దాన్ని డెల్టా స్కూటి తరహా మారుతార (తానే ఉబ్బి తగ్గుతూ వెలుగు మారేది) అనుకున్నారు. 2015లో ఔత్సాహిక పరిశీలకులు దాని వెలుగు తీరు వింతగా ఉందని గమనించబట్టే వృత్తి ఖగోళ శాస్త్రజ్ఞులు పెద్ద టెలిస్కోపులు తిప్పారు. రెండు నిమిషాల లయలో, కొన్ని పదుల సెకన్లలోనే నాలుగింతలు వెలిగే శ్వేత కుబ్జపు జంట బయటపడింది. దాని కక్ష్య 3.56 గంటలు.

చుక్కలలెక్క రాసినది:

ఎక్స్‌ఎంఎం ఫైలును 2 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర విడదీసి చూశాను. కింది భాగంలో లోయ చాలా లోతుగా ఉంది, పై భాగంలో అదే దశలో లోతు తక్కువగా ఉంది. ఎక్స్‌కిరణం గారు చెప్పిన వాయుతెరే. పక్క టెలిస్కోప్ కొలతల్లో దృశ్యకాంతి కనిష్ఠం ఆ లోయకు దగ్గరలోనే పడింది, కచ్చితంగా దాని మీద కాదు. ఆ కొద్దిపాటి ఎడం నిజమైనదా, మడతలో వచ్చిన దోషమా అని తేల్చడానికి ఫైలును రెండు సగాలు చేసి వేర్వేరుగా మడిచి చూస్తున్నాను.

22.5 నిమిషాల శిఖరం గురించి ఇప్పుడేమీ చెప్పను. పడమటిగాలి గారూ, పోలిక తారల పట్టిక మీకూ నీలికాంతి గారికీ పంపాను. మూడు తారలు, తారకు రెండు వైపులా, రంగులో దగ్గరగా ఉన్నవి ఎంచాను. ఎక్స్‌పోజర్ మధ్య సమయం, భారకేంద్ర గతిక కాలం అన్న శీర్షికలు ముందే రాసి పెట్టాను. ఈ రాత్రి ఆకాశం నిర్మలంగా ఉంది. చీకటి పడుతోంది, కెమెరా అసమానతలను సరిచేసే ఫ్లాట్ ఫ్రేములు తీస్తున్నాను. తార 30 డిగ్రీల ఎత్తుకు రాగానే మొదలుపెట్టి, అది మళ్లీ అంత కిందికి దిగేదాకా చూస్తాను. చివరి ఫ్రేము సమయం ఇక్కడే రాస్తాను, అక్కడి నుంచి మీరు అందుకోండి.

పడమటిగాలి రాసినది:

సిద్ధంగా ఉన్నాను. ఇద్దరం కనీసం అరగంట ఒకే సమయంలో చూసేలా ముందుగానే మొదలుపెడతాను. ఆ అరగంటలో రెండు గ్రాఫులూ కలిస్తే మన గడియారాలు కూడా కలిసినట్టే.